నిండిన నోట్సు వెనక ఏముంది: బడి తెరిచే ముందు నాలుగు వారాలు, ఒక ఇద్దరు టీచర్ల బడి

2021 ఫిబ్రవరి 1న ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు మళ్లీ బడి గడప తొక్కారు. 2020 మార్చిలో మూతపడ్డ ప్రాథమిక తరగతులు పది నెలలకు పైగా ఇళ్లలోనే నడిచాయి. ఆ చివరి నాలుగు వారాలు, అంటే జనవరి 4 నుంచి 30 వరకు, ప్రకాశం జిల్లాలో కొండపి, మర్రిపూడి వైపు ఉన్న ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చదువు ఎలా సాగిందో ఇక్కడ రాస్తున్నాం. బడి పేరు, పిల్లల పేర్లు ఇవ్వడం లేదు. 34 మంది పిల్లలు, 25 ఇళ్లు, ఒక సారు, ఒక మేడం. టీచర్లు బడికి వస్తున్నారు, పిల్లలే రావడం లేదు.

పై నుంచి చూస్తే ఆ బడిలో అంతా సవ్యంగానే ఉంది. పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే విద్యా కానుక అక్టోబరు 8న మొదలైంది, అందులో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు అందాయి, నోట్సులు అందాయి. వారం వారం నోట్సులు నిండి వస్తున్నాయి, వాట్సాప్ గ్రూపులో ఫోటోలు వస్తున్నాయి. ఇక నాలుగు వారాలే ఉందనగా సిలబస్‌లో మిగిలిన పాఠాలు తోసేద్దామా, పిల్లలు ఎక్కడ ఆగారో తేల్చుకుందామా అన్నదే ప్రశ్న. రెండోదే చేయాలని నిర్ణయించడానికి కారణం ఒక నోట్సు.

నాలుగో తరగతి అబ్బాయిది. పేజీ నిండా తీసివేతలు, పన్నెండుకు పన్నెండూ ఒప్పు. 52లోంచి 27 తీస్తే 25 అని నీటుగా ఉంది. కానీ పదుల స్థానంలో అంకె కొట్టేసి పైన 4 వేసుకున్న గుర్తు ఒక్క లెక్కలోనూ లేదు. అప్పు తెచ్చుకోవడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లవాడు ఆ గుర్తు వేయకుండా పన్నెండు లెక్కలు తప్పు లేకుండా చేయడు. అదే లెక్క వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే వేళ్లు మడుస్తూ ఇలా చెప్పాడు: "ఏడులో రెండు పోతే అయిదు. అయిదులో రెండు పోతే మూడు. ముప్ఫై అయిదు." నోట్సులో లెక్కలు ఏడో తరగతి అక్క చేసింది, తమ్ముడు దించాడు. అక్కది తప్పని అనలేం. అమ్మానాన్న పనికి పోయాక ఇల్లు చూసుకుంటూ, తమ్ముడికి టీచరు తిట్లు పడకుండా ఆ పిల్ల చేయగలిగింది చేసింది. వాళ్లమ్మ మాటలోనూ అబద్ధం లేదు: "మా అబ్బయ్య రోజూ రాస్తానే ఉండాడు సార్, రాత్రి పూట కూడా." రాస్తున్నాడు, నిజమే. లెక్క చేయడం లేదు.

రెండో తరగతి పాప ఒకామె తెలుగు వాచకం తీసి "అమ్మ అన్నం పెట్టింది" అని గడగడా చదివింది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, వాక్యాన్ని చివరి మాట నుంచి వెనక్కి చదవమంటే ఆగిపోయింది. "పెట్టింది" మీద వేలు పెడితే "అమ్మ" అంది. ఇలా పుస్తకం మొత్తం నోటికి వచ్చిన పిల్లలు రెండో తరగతిలో ఇంకా ఉన్నారు. ఫోటోలో గానీ వీడియోలో గానీ ఇది పట్టుబడదు.

ఫోను ఎప్పుడు ఇంట్లో ఉంటుంది

25 ఇళ్లలో 14 ఇళ్లకు స్మార్ట్ ఫోను ఉంది, 9 ఇళ్లకు బటన్ ఫోను, రెండిళ్లకు ఏదీ లేదు. లిస్టులో "ఉంది" అని టిక్కు పెట్టడం సులభమే. కానీ జనవరి అంటే ఈ వైపు పొగాకు ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌కు (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టానికి) ఎక్కించే కాలం. పొద్దున ఆరున్నరకే ఫోను నాన్న జేబులో పొలానికి పోతుంది, దీపాలు పెట్టాక ఇంటికొస్తుంది. పగలు ఇంట్లో ఉండే స్మార్ట్ ఫోన్లు మూడే మూడు. పదింటికి గ్రూపులో పెట్టిన ఎనిమిది నిమిషాల వీడియో రాత్రికి డేటా అయిపోయిన ఫోనులో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. 28 రోజుల రీఛార్జ్ అయిపోయిన ఇళ్లలో ఆ తిరగడం కూడా ఉండదు.

అందుకే వీడియోలు పూర్తిగా ఆపేశారు. వాటి చోట మూడు పెట్టారు: చేతికిచ్చే కాగితం, రాత్రి మామూలు ఫోన్ కాల్, అరుగు మీద అయిదుగురేసి పిల్లలకు పాఠం. మామూలు కాల్‌కు బటన్ ఫోను చాలు. ఆ ఒక్క మార్పుతో 14 ఇళ్ల బడి 23 ఇళ్ల బడి అయింది. మిగిలిన రెండిళ్ల పిల్లలను పక్కింటి ఫోనుకు రమ్మనడం మొదట్లో సులువనిపించింది, మూడో రోజుకే ఆగిపోయింది. పక్కింటివాళ్లు అన్నానికి కూర్చునే వేళకు పిల్లవాడు గుమ్మంలో నిలబడాలంటే తల్లికి మొహమాటం. వాళ్లిద్దరికీ కాల్ తీసేసి అరుగు రోజులు పెంచారు.

మొదటి వారం: తేల్చుకోవడం

రెండు నుంచి అయిదో తరగతి వరకు 28 మంది. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు, ఇంటి ముందే, టీచరుకూ పిల్లకూ మాస్కు, మధ్యలో రెండు గజాల దూరం. టీచర్లిద్దరూ పంచుకుంటే మూడు పొద్దుల్లో అయిపోయింది. కొలిచే పద్ధతి అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడేదే. ముందు నాలుగు వాక్యాల పేరా ఇస్తారు. తడబాటు లేకుండా చదివితే కథ ఇస్తారు. చదవలేకపోతే కిందికి దిగి మాటలు చూపిస్తారు, అయిదింటిలో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా అయిదింటిలో నాలుగు. పేరాతో మొదలుపెట్టడంలో అర్థం ఉంది. అక్షరాలతో మొదలుపెట్టి పైకి పోతే చదవగలిగిన పిల్ల విసుక్కుంటుంది, రాని పిల్ల పేరా దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతుంది.

పుస్తకంలో ఉన్న వాక్యం ఒక్కటి కూడా వాడకూడదు. బొమ్మ ఉండకూడదు. ఊరి మాట విషయంలో మాత్రం ఒక జాగ్రత్త తీసుకోవాలి. కాగితం మీద "గేదె" అని ఉంటే ఒక పిల్లవాడు "గే... దె..." అని కూడబలుక్కుని, తర్వాత "బర్రె" అన్నాడు. అది తప్పు కాదు. అక్షరం చదివాడు, అర్థమూ పట్టాడు. కూడబలుక్కోకుండా నేరుగా "బర్రె" అంటే మాత్రం ఊహ.

మూడు, నాలుగు తరగతుల్లో ఎక్కువమంది గుణింతాల మాటల దగ్గరే ఆగారు. "మేక, కోడి, గొడుగు" వస్తాయి, వత్తు రాగానే కాలు నిలుస్తుంది. "అన్న"ను "అన" అంటారు, లేదా "అనన" అని వత్తును ఇంకో అక్షరంగా పలుకుతారు. ఇది ఆశ్చర్యపడాల్సిన సంగతి కాదు. అప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలకు బడి మూతపడేనాటికి, వత్తులు గట్టిగా దిద్దే రెండో తరగతి ఇంకా పూర్తి కాలేదు. మూడో తరగతి అప్పటిదాకా ఇంట్లోనే గడిచింది.

వత్తులు ఏ వరసలో నేర్పాలన్న దాని మీద ఇద్దరు టీచర్ల మధ్య వాదన జరిగింది. గ, చ, డ, ప, బ లాంటి అక్షరాల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి, పిల్ల ఇట్టే పోల్చుకుంటుంది. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. సులువైనవే ముందు చెప్పాలని ఒకరి మాట. అయితే అమ్మ, అన్న, అత్త, అయ్య, బర్రె, పిల్ల, ఇల్లు అన్నీ ఆ పోలిక లేని వత్తులవే. పిల్ల నోట పొద్దున లేస్తే మెదిలే మాటలవే. చివరికి ఈ మాటలనే ముందు పెట్టారు. నోటికి అలవాటైన మాటలో వత్తు ఎలా పలకాలో పిల్లకు ముందే తెలుసు కాబట్టి కొత్తగా నేర్వాల్సింది దాని రూపం ఒక్కటే. మా దృష్టిలో ఇదే సరైన వరస.

కాగితం

ఒక్కో పిల్లకు వారానికి రెండు ఏ4 కాగితాలు. ముందు పక్క నంబరు వేసిన 12 లైన్లు చదవడానికి. వెనక పక్క 8 లెక్కలు, కింద డిక్టేషన్‌కు ఆరు ఖాళీ గీతలు. మొత్తం నాలుగు మెట్లు. మెట్టు పేరు రాయరు, పై మూలన చుక్కలు పెడతారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో తరగతి పిల్లకు ఒక చుక్క కాగితం ఇచ్చామని వీధికి తెలియనక్కర్లేదు. వారానికి 56 కాగితాలు, జెరాక్సు ఖర్చు భరించదగ్గదే.

మొదటి విడత పాడైంది. ఒకే కాగితంలో ఎక్కువ పట్టించాలని అక్షరం చిన్నది చేశారు. జెరాక్సులో వత్తులు మసిబారి త వత్తు ఏదో, న వత్తు ఏదో పెద్దవాళ్లకే తెలియలేదు. పిల్లలు తప్పు చదివారా, కాగితమే తప్పుగా ఉందా అన్నది చెప్పలేని పరిస్థితి. ఒకటి, రెండు చుక్కల కాగితాలకు 24 పాయింట్లు, మిగిలిన వాటికి 18 పెట్టి మళ్లీ తీయించారు. ఒరిజినల్ నుంచే జెరాక్సు తీయాలి, జెరాక్సు నుంచి జెరాక్సు తీయకూడదు.

రాత్రి కాల్

ఏడున్నరకు మొదలు. ఒక్కో టీచరుకు 13 మంది, రోజుకు ఆరుగురో ఏడుగురో, మనిషికి ఏడు నిమిషాలు. సోమ, బుధ ఒక జట్టు, మంగళ, గురు ఇంకో జట్టు. ప్రతి పిల్లకూ వారానికి రెండు కాల్స్. టీచరుకు రాత్రికి యాభై నిమిషాలు పడుతుంది. దీనికంటే ఎక్కువ పెట్టుకుంటే రెండో వారం నిలవదు.

మొదటి నిమిషం పలకరింపు, కాగితం చేతిలో ఉందో లేదో చూసుకోవడం. రెండు నిమిషాలు చదవడం. టీచరు నంబరు చెబుతారు: "ఏడో లైను చదువు నాన్నా. ఇప్పుడు మూడు. ఇప్పుడు పదకొండు." వరసగా అడగరు, అడిగితే బట్టీ నోట్లోంచి వచ్చేస్తుంది. తర్వాత రెండు నిమిషాలు డిక్టేషన్, మూడు మాటలు. పిల్ల రాసి, రాసింది విప్పి చెప్పాలి: "అ రాశాను, మ రాశాను, మ కింద మ వత్తు పెట్టాను." ఈ విప్పి చెప్పడంలోనే అసలు సంగతి బయటపడుతుంది. చివరి రెండు నిమిషాలు లెక్క, ఒకటి అంకెల్లో, ఒకటి డబ్బుల్లో.

రిజిస్టరులో ప్రతి లైనుకూ ఒక అక్షరం. "చ" అంటే చదివింది, "త" అంటే తడబడి చదివింది, "అ" అంటే అందిస్తే చదివింది. ఇంతకంటే రాయడానికి టైము ఉండదు, అవసరమూ లేదు.

ఫోనులో పట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి. 2జీ బటన్ ఫోనులో మామూలు కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. స, శ లను విడదీసే సన్నటి శబ్దం చాలావరకు అంతకు పైన ఉంటుంది. "సనగలు" అన్నదో "శనగలు" అన్నదో ఫోనులో తేల్చబోవడం పిల్లను అన్యాయంగా తప్పుపట్టడమే. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తి పలికే అక్షరాలు కూడా అంతే, వాటిని అరుగు రోజుకు వాయిదా వేశారు. అంకెలను ఇంగ్లీషులో అడిగితే థర్టీన్, థర్టీ ఒకటిగా వినిపిస్తాయి. అందుకే ఫోనులో పదమూడు, ముప్ఫై అనే తెలుగు మాటలే వాడారు.

పక్క నుంచి అందించడం మొదటి రాత్రే తెలిసిపోయింది. ప్రతి మాటకు ముందు ఒకే కొలతలో ఆగితే, ఆ ఆగిన చోట గుసగుస ఉంటే, చదువుతున్నది అమ్మో అక్కో. అందించొద్దని గట్టిగా చెబితే మరుసటి కాల్‌కు ఫోను ఎత్తరు. మేడం వేరే దారి పట్టారు. "అమ్మా, మీరు కాస్త టైము చూసి పెట్టండి, రెండు నిమిషాలు కాగానే నాకు చెప్పండి" అని తల్లికి ఒక పని అప్పగించారు. కళ్లు గడియారం మీద ఉన్నంతసేపు నోరు అందించదు. తర్వాత తర్వాత పిల్ల ఎక్కడ ఆగిందో తల్లే చెప్పడం మొదలైంది.

కట్ట విప్పడం

తీసివేత కోసం ప్రతి ఇంటికీ కంది పుల్లలు విరిచి పదేసి కట్టలు కట్టమని చెప్పారు. తొమ్మిది కట్టలు, పద్దెనిమిది విడి పుల్లలు. ఈ కాలంలో కందికట్టె లేని ఇల్లు లేదు. చింతపిక్కలు లెక్కించడానికి బాగుంటాయి గానీ ఈ పనికి రావు, పది పిక్కలు ఒక కట్టగా నిలవవు.

52లో 27 తీయాలి. అయిదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకుంటారు. ఏడు పుల్లలు కావాలి, రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే అయిదు, రెండు కట్టలు తీస్తే రెండు. ఇరవై అయిదు. ఫోనులో టీచరుకు ఇవేవీ కనపడవు కాబట్టి "కట్ట విప్పాను, ఇప్పుడు నాలుగు కట్టలు" అని పిల్ల పైకి చెప్పాలి. ఈ వాక్యం చెప్పకపోతే తర్వాతి అడుగు వేయనివ్వరు.

ఇక్కడే కాగితంలోని ఒక పొరపాటు తెలిసింది. ముగ్గురు పిల్లలు పుల్లలతో చేశాక కూడా కాగితం మీద 35 అనే రాశారు. పాత తప్పే అనుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పారు, ఫలితం లేకపోయింది. విడమరిచి అడిగితే వాళ్లు చేస్తున్నది వేరు. పన్నెండులో ఏడు పోతే అయిదు అని సరిగ్గానే చేసి, అయిదు కట్టలు నాలుగయ్యాయన్నది మరిచి, అయిదులో రెండు పోతే మూడు అంటున్నారు. పాత తప్పుకూ ఈ తప్పుకూ జవాబు ఒకటే, 35. ఒకట్ల స్థానంలో తేడా సరిగ్గా 5 ఉన్న లెక్క ఏది ఇచ్చినా ఇంతే. దాన్ని 53లో 27గా మార్చారు. చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీసే పిల్లకు 34 వస్తుంది, కట్ట తగ్గించడం మరిచిన పిల్లకు 36, సరిగ్గా చేసిన పిల్లకు 26. జవాబు వినగానే ఏ తప్పో తెలుస్తుంది, ఏడు నిమిషాల కాల్‌లో రెండు నిమిషాలు మిగులుతాయి. తీసివేత కాగితం తయారుచేసే ఎవరైనా ఈ ఒక్క సంగతి చూసుకోవాలి.

మూడంకెల సంఖ్యల్లో "మూడు వందల అయిదు" అంటే 3005 అని రాసేవాళ్లు చాలామంది. విన్నది విన్నట్టు 300 రాసి పక్కన 5 పెడతారు. వందలు, పదులు, ఒకట్లు అని మూడు గడులు గీసి, పదుల గడిలో ఏమీ లేదు కాబట్టి సున్నా అని నోటితో అనిపించాలి. ఇది ఫోనులో కుదరలేదు, అరుగు మీదే చేశారు.

సంక్రాంతి

రెండో వారం పండగ. కాల్స్ పెట్టలేదు, పెట్టినా ఎవరూ ఎత్తరు. అదే వారం, జనవరి 11న నెల్లూరులో, తల్లుల ఖాతాల్లో డబ్బు వేసే అమ్మఒడి పథకం రెండో విడత విడుదలైంది. ఆ డబ్బుతో రీఛార్జులు పెరుగుతాయని అనుకున్నారు. కొన్ని ఇళ్లలో జరిగింది, కొన్ని ఇళ్లలో పాత బాకీకి పోయింది. పండగకు పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు పోయి 20వ తేదీ దాకా రాలేదు. వాళ్లకు ఆ ఊరికే కాల్ చేసుంటే సరిపోయేది, నంబరు ముందే తీసుకోకపోవడం పొరపాటు. కాగితం మాత్రం కొందరు వెంట తీసుకుపోయారు.

ఒకటో తరగతి ఆరుగురు

వీళ్ల సంగతి వేరు. వీళ్లు బడిలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు. ఫోనులో వీళ్లకు ఏమీ నేర్పలేం, ప్రయత్నించనూ లేదు. వారానికి మూడు రోజులు ఇంటి ముందు పది నిమిషాలు: ఒక పాట, నాలుగు ప్రశ్నలకు పూర్తి వాక్యంలో జవాబు, పలక మీద తన పేరులోని అక్షరాలు. వర్ణమాల "అ" నుంచి మొదలుపెట్టలేదు. తన పేరులోని అక్షరం పిల్లకు తనది, దాన్ని మరిచిపోదు. బలపం పిడికిట్లో పట్టుకునే పిల్లలకు పొట్టి ముక్క, చిటికెన వేలంత కూడా లేనిది, ఇస్తే పిడికిలి కుదరక వేళ్ల చివరకు వస్తుంది. కొత్త బలపాలన్నీ ముందే విరిచి ఇచ్చారు.

బడి తెరిచాక

గదికి 20 మందికి మించకుండా, మాస్కులతో తరగతులు మొదలయ్యాయి. మొదటి వారం పాఠ్యపుస్తకం తెరవలేదు. పొద్దున గంటన్నర తరగతులు కలిపి చుక్కల లెక్కన కూర్చోబెట్టారు, ఆ తర్వాతే ఎవరి తరగతికి వాళ్లు. రెండో తరగతి పాప, నాలుగో తరగతి అబ్బాయి ఒకే రెండు చుక్కల చాప మీద కూర్చుంటే మొదట్లో అబ్బాయి తల దించుకున్నాడు. లెక్కల గంటకు వాడు మూడు చుక్కల చాపకు పోతున్నాడని అందరికీ కనిపించాక సర్దుకున్నాడు. తెలుగుకూ లెక్కలకూ విడిగా జట్లు కట్టడం అందుకే ముఖ్యం.

ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతలుగా జరిగాయి. బళ్లే పోలింగ్ కేంద్రాలు, టీచర్లకే డ్యూటీలు. ఆ నెలలో వరసగా ఆరు రోజులు చదువు సాగిన వారం ఒకటే. కాల్ రిజిస్టరు లేకుంటే ప్రతి విరామం తర్వాతా ఎక్కడ ఆపామో వెతుక్కోవాల్సి వచ్చేది.

ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులు మళ్లీ మూశారు. 19వ తేదీ సాయంత్రం రిజిస్టరులో ఆ నాలుగో తరగతి అబ్బాయి పేజీలో చివరి లైన్లు ఇవి: "53 - 27: పుల్లలు లేకుండా చేస్తున్నాడు, పదుల అంకె కొట్టి పైన వేసుకుంటున్నాడు. 50 - 27: 37 అంటున్నాడు. సున్నాలోంచి తీయడం మొదలుపెట్టలేదు. ఇంట్లో కట్టలు ఉన్నాయి. కాల్ మంగళవారం."